ఖాకీ అట్ట లోపలి పేర్లు

"...తగలబెట్టమంటే కమిటీ అంటారేంటి సార్, అదేమన్నా బైబిలా?"

"బైబిల్ కాకపోయినా పుస్తకమేనమ్మా. దాని మీద బడి ముద్ర ఉంది, నంబరుంది. నా ఇష్టం వచ్చినట్టు పొయ్యిలో పెట్టడానికి చిత్తుకాగితం కాదు."

"ముద్ర కొడితే దయ్యం దయ్యం కాకుండా పోతుందా?"

గుమ్మంలో నిలబడి వాదించుకుంటున్న ఆ ఇద్దరికీ లైబ్రరీ గదిలో మనిషి ఉన్నట్టు తెలియదు. జ్ఞానమణి బీరువా వెనక ముక్కాలిపీట మీద కూర్చుని, చిరిగిన నిఘంటువుకి మైదా జిగురు పూస్తోంది. వేళ్ళకి జిగురు ఉండగా లేవలేక కాదు, ఆ మాటలు వింటూ లేవడానికి ధైర్యం చాలక ఉండిపోయింది. హెడ్‌మాస్టర్ దేవానందంగారు చివరికి గురువారం కమిటీ కూర్చుంటుందని, పాస్టరుగారిని కూడా పిలుస్తానని చెప్పి వెళ్ళిపోయారు. హాస్టల్ వార్డెన్ ఏసురత్నం కాసేపు ఒక్కతే గొణుక్కుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వంటశాల వైపు నడిచింది.

గొడవంతా ఒక నవల గురించి. పేరు 'ఏడో మెట్టు కింద'. నాలుగేళ్ళ కిందట బడికి గ్రాంటు వచ్చినప్పుడు పుస్తక ప్రదర్శనకి వెళ్ళి దాన్ని కొన్నది జ్ఞానమణే. ముఖచిత్రం మీద చీకటి మెట్లు, మెట్ల సందులోంచి బయటికి చాచిన పొడుగాటి చెయ్యి, ఆ చేతిలో ఒక ఆడపిల్ల చీలమండ. దేవానందంగారి కంట పడితే ఆ పుస్తకం మర్నాటికి వెనక్కి పోతుందని ఆమెకు తెలుసు. అందుకే ఆ సాయంత్రమే ఖాకీ అట్ట వేసేసింది. రిజిస్టర్‌లో 'నీతికథలు' అన్న శీర్షిక కింద ఎక్కించింది. తనిఖీకి వచ్చేవాళ్ళు శీర్షికలు చూస్తారు, పుస్తకాలు చూడరు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని తలుచుకున్నప్పుడు కొంచెం నవ్వొచ్చేది కూడా.

జ్ఞానమణి తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇల్లు, ఆరుగురు పిల్లలు. తల్లికి క్షయ రావడంతో నాలుగో సంతానమైన జ్ఞానమణిని నర్సాపురం దగ్గర మిషన్ హాస్టల్‌లో వేశారు. అప్పుడామెకు ఎనిమిదేళ్ళు. పదో తరగతి దాకా అక్కడే పెరిగింది. అక్కడ తనకంటే ఆరేళ్ళు పెద్దదైన ఏసురత్నం ఆమెకు తల దువ్వేది, పేలు చూసేది, రాత్రి భయమేస్తే పక్కలో పడుకోనిచ్చేది. తర్వాత తన తమ్ముడు సామ్యూల్‌కి ఈ పిల్లనే చేసుకోవాలని పట్టుబట్టి పెళ్ళి చేయించింది కూడా ఏసురత్నమే. సామ్యూల్ లారీ ప్రమాదంలో పోతే, పిల్లా జెల్లా లేని మరదల్ని తీసుకొచ్చి, తాను వార్డెన్‌గా ఉన్న ఈ బొల్లారం బడిలో ఆయాగా పెట్టించింది. బూజు పట్టిన పుస్తకాల గదిని ఆయా అద్దంలా ఉంచుతోందని చూసి, అప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఆమెను లైబ్రేరియన్ని చేసింది. ఉండడానికి హాస్టల్ గోడ పక్కనే ఒక గది ఇచ్చారు. ఆ గదికీ వదినగారి గదికీ మధ్య ఒక్కటే గోడ. ఇటు దగ్గితే అటు మందు నూరేవారు.

డిగ్రీలు లేని మనిషి కాబట్టి జ్ఞానమణి పనిని పద్ధతితో నిలబెట్టుకుంది. బడిలోకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముందు తాను చదవాలి. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట వేయాలి. జిగురు పుస్తకానికి తగలకూడదు, కాగితం మడత కాగితానికే అంటాలి. అలా వేస్తే అట్ట మాసినప్పుడు చొక్కా విప్పినట్టు విప్పి కొత్తది తొడగొచ్చు. పుస్తకం పద్నాలుగు రోజులకి తిరిగి రావాలి. రానివాళ్ళ పేర్లు, ఎన్ని రోజులు దాటిందీ గుండ్రటి అక్షరాలతో చీటీ మీద రాసి, ఇంట్లో ఉండి చదివే పిల్లలదైతే క్లాస్ టీచర్‌కి, హాస్టల్ పిల్లలదైతే వార్డెన్‌కి ప్రతి శనివారం ఇచ్చేది. దాన్ని అందరూ శనివారం చీటీ అనేవాళ్ళు. వార్డెన్ ఏంచేస్తుందో ఆమె ఎన్నడూ అడగలేదు. నాలుగు తిట్లు తిడుతుందని, మహా అయితే ఆదివారం కోడిగుడ్డు పెట్టడం మానేస్తుందని అనుకునేది.

నవలలో కథ ఇది. ఒక ఊళ్ళో ప్రతి ఇంటి మెట్ల కిందా ఒక గొంతుమింగి ఉంటుంది. అది మనిషిని తినదు, మాటను తింటుంది. పదిహేను, పదహారేళ్ళ పిల్లలకే అది కనబడుతుంది. పెద్దవాళ్ళకు కనబడదు. ఎందుకంటే వాళ్ళ మాటల్ని అది ఎప్పుడో చిన్నప్పుడే తినేసింది, తినేసిన సంగతి కూడా వాళ్ళకి గుర్తు లేదు. మెట్ల కిందికి ఈడ్చుకుపోయిన పిల్లలు లోపలి గోడ మీద గోటితో తమ పేరు గీస్తారు, తర్వాత వచ్చేవాళ్ళు తాము ఒంటరి కామని తెలుసుకోవాలని. ఆరుగురు స్నేహితులు దాన్ని చంపడానికి దిగుతారు. నలుగురు బయటికొస్తారు. మిగతా ఇద్దరికీ ఏమైందో రచయిత చెప్పడు. జ్ఞానమణి దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి మధ్యలో ఒక పూట ఆపేసి, కిటికీలు తెరిచి, కారణం లేకుండా గదంతా కడిగింది.

పిల్లల్లో ఆ నవలను డోరా అంతగా పట్టుకున్నవాళ్ళు లేరు. హాస్టల్లో ఉండి చదివే తొమ్మిదో తరగతి పిల్ల. తండ్రి పర్వతాలు తూప్రాన్ దగ్గర ఇటుకబట్టీలో పనిచేస్తాడు. పద్నాలుగు రోజులు దాటి, మరో వారం దాటి, సోమవారం తెచ్చిచ్చేది. మళ్ళీ అప్పటికప్పుడే తన పేరు మీదే రాయించుకునేది. ఇంకో పుస్తకం లేదా తల్లీ అని జ్ఞానమణి ఆటపట్టిస్తే, ఇదే ఇయ్యుర్రి అనేది. దసరా సెలవుల తర్వాత అదీ అనడం మానేసింది. కార్డు బల్ల మీద పెట్టి నిలబడేది. నవంబరు రెండో వారంలో, సాయంత్రం ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. పాట ఆగకముందే డోరా కేకలు పెట్టడం మొదలుపెట్టింది. పట్టుకోబోయిన పిల్లను కరిచింది. లాంతరు తెచ్చేసరికి పంజాలాగా వేళ్ళు వంకర పోయి, తలుపుని గీరుతోంది. అప్పట్నుంచీ ఆ పిల్ల నోట మాట లేదు. పాస్టర్ లూకాగారు నూనె రాసి ప్రార్థన చేశారు. మర్నాడు ఆమె దిండు కింద ఖాకీ అట్ట పుస్తకం దొరికింది. ఏసురత్నం మధ్యలో నాలుగు పేజీలు చదివి, పిల్లకు పట్టింది ఏమిటో తనకు తెలిసిపోయిందని ప్రకటించింది.

బడిలో అందరూ అదే మాట. ఆ నోటా ఈ నోటా అది తూప్రాన్ దాకా పాకడంతో, బిడ్డకు దయ్యం పట్టిందని విన్న పర్వతాలు ఒక పూట కూలి మానుకుని వచ్చాడు. వార్డెనమ్మ చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. కమిటీ అయ్యాక కూడా పిల్ల బాగుపడకపోతే పంపించేస్తామని ఆమె చెబితే, "చదువు మాన్పియ్యకుర్రమ్మా, మీ కాల్మొక్త" అని వెళ్ళాడు. పంపించేస్తే ఆ పిల్ల వెళ్ళేది ఇటుకబట్టీలోకే. తాను కొని, తాను అట్ట వేసి, తాను నీతికథల్లో దాచిన పుస్తకం ఒక పిల్ల బతుకు తీసేస్తోందని జ్ఞానమణి మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నా తప్పే, కాల్చెయ్యండి అని చెప్పేయడానికి మనసులో మాటలు కూడా కూర్చుకుంది.

ముఖచిత్రం కమిటీ ముందు పెట్టాలని దేవానందంగారు కబురు పంపారు. బుధవారం మధ్యాహ్నం, చివరి పీరియడ్‌లో, ఆమె బీరువాలోంచి పుస్తకం తీసి అట్ట విప్పింది. మడత తేలిగ్గా జారింది. చాలాసార్లు విప్పి తొడిగిన అట్ట అలా జారుతుంది.

కాగితం లోపలి వైపంతా రాత.

పైన నీలం సిరాతో, పెద్ద అక్షరాలతో నవల్లోని మాట: లోపలున్నవాళ్ళు పేరు రాయాలి. దాని కింద పేర్లు. ఒక్కొక్కటీ ఒక్కో చేతిరాత. కొన్ని పెన్సిలుతో, కొన్ని ఎర్ర సిరాతో. పేరు పక్కన తారీకు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా. మొదటిది 2007 జూన్ ఇరవై నాలుగు. చర్చి అయినంక నుంచి అన్నం గంట దాకా. అన్నిటి చివరా ఒకటే చోటు: బియ్యం గది. జ్ఞానమణి వేలు పెట్టి లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. అందులో కొందరు పదో తరగతి పాసై వెళ్ళిపోయారు కూడా. డోరా పేరు ఐదుసార్లు ఉంది. ఆగస్టులో రెండు, సెప్టెంబర్లో ఒకటి, అక్టోబర్లో ఒకటి, నవంబరు ఎనిమిదిన ఒకటి. మొదటిసారి అన్నం గంట దాకా. చివరిసారి దీపాలేసేదాకా.

ఈ ఏటిదీ పాతవీ క్యాలెండర్లు చూసింది. ముప్ఫై ఒక్కటీ ఆదివారాలే.

 లేచి, సొరుగులోంచి శనివారం చీటీల నకళ్ళ కట్ట తీసింది. నకలు ఉంచుకోవడం కూడా ఆమె పద్ధతిలో ఒకటి. అట్ట మీది తారీకు, దాని ముందురోజు చీటీ, పక్కపక్కన పెట్టుకుంటూ పోయింది. ఇరవై ఆరు పేర్లకి చీటీలో పేరు దొరికింది. గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా.

డోరా హాస్టల్ వరండాలో స్తంభానికి ఆనుకుని ఉంది. మిగతా పిల్లలు బడిలో ఉన్నారు. జ్ఞానమణి ఆమె పక్కన నేల మీద కూర్చుని, విప్పిన కాగితం ఒళ్ళో పరిచింది. ఏమీ అడగలేదు. పిల్ల కాగితాన్ని చూసింది, ఆమె మొహం చూసింది, మళ్ళీ కాగితాన్ని చూసింది. గేటు దగ్గర వాచ్‌మన్ జంగయ్య రేడియో పాట రెండు చరణాలు అయిపోయాక, డోరా గొంతు బొంగురుగా వచ్చింది.

"కాలవెట్టకుర్రి మేడం. పేర్లు పోతయ్."

టైముకి ఎందుకు ఇవ్వలేదని జ్ఞానమణి అప్పుడు అడిగింది. ఆ పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది. పుస్తకం హాస్టల్‌లో చేతులు మారుతుంది, గడువు నాటికి తిరిగి చేతికి రాదు. గదిలో పడ్డ ప్రతి పిల్లా పేరు రాసుకోవాలి, పేరు రాయడానికి పుస్తకం హాస్టల్లోనే ఉండాలి. బయటి పిల్లల చేతికి పోతే ఎవరో ఒకరు చూస్తారు. అందుకని ఒకరు తమ పేరు మీద ఉంచుకోవాలి. ముందు ఇంకో అక్క ఉంచుకునేది. ఆమె పదోది పాసై పోయాక ఈ ఏడు డోరా వంతు.

"నాకు చెప్పొచ్చుగా తల్లీ?"

డోరా ఆమె వైపు చూడకుండా చెప్పింది. "చీటి ఇచ్చేది మీరే గద."

బియ్యం గది వంటశాల వెనక, మేడ మెట్ల కింద ఉంది. వంటమనిషి పుష్పమ్మ తాళం తీయడానికి కాసేపు నసిగింది. తనకేమీ ఎరుక లేదంది. బియ్యం తీయడానికి పోతే ఆడ పిల్ల కూర్చుని ఉంటదని, రాళ్ళేరమన్నారేమో, ఏరుతున్నదేమో అనుకున్నానంది. చీకట్లో రాళ్ళెలా ఏరతారని జ్ఞానమణి అడిగితే పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు సుత ఇద్దరు పిల్లలున్నరమ్మా, ఈ కొల్వు పోతే ఏం తినాలె" అంది. కిటికీ లేదు. బస్తాల మధ్య మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు. తలుపు లోపలివైపు కింది భాగంలో రంగు లేచిపోయి, చారలు చారలుగా చెక్క కనిపిస్తోంది. ముక్కిపోయిన వాసన, ఎలుకల వాసన, కొత్త గోనెల వాసన. జ్ఞానమణికి ఆ వాసన తెలుసు. నలభై ఏళ్ళ కిందటి నర్సాపురం వాసన అది. అక్కడైతే అది కట్టెల గది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఏసురత్నం గదికి వెళ్ళింది. ఏసురత్నం కుంపటి మీద మోకాలి నొప్పికి నూనె కాచుకుంటోంది. మరదల్ని చూసి, అన్నం తినడం లేదటగా, రేపటితో ఆ పీడ పోతుందిలే, కూర్చోమంది. జ్ఞానమణి నిలబడే అట్ట చేతికిచ్చింది. ఏసురత్నం కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. ఆమె మొహంలో భయం కనిపిస్తుందని జ్ఞానమణి అనుకుంది. కనిపించలేదు.

"అరవై మంది ఆడపిల్లలు, మణీ. చేత్తో కొట్టకూడదని పైనుంచి ఆర్డరు. మరి నేనేం చెయ్యాలి? ఒంటి మీద దెబ్బ పడకుండా బుద్ధి చెప్పా."

"ఆ పిల్లకి మాట పోయింది వదినా."

"పుస్తకం చదివి పోయింది. మనల్ని పెట్టలేదా కట్టెల గదిలో? నాకెన్నిసార్లో లెక్కే లేదు. చచ్చిపోయామా? పాడైపోయామా? నువ్వు లైబ్రేరియన్‌వి, నేను వార్డెన్ని."

"నన్ను పెట్టినప్పుడు తలుపు కిందనుంచి చింతపండు తోసేదానివి."

ఏసురత్నం నూనె గిన్నె దించింది. రెండు చుక్కలు నిప్పుల్లో పడ్డాయి.

"అవును, తోశా. నాకెవరూ తోయలేదు," అంది. తర్వాత మామూలు గొంతుతో, అట్ట పుస్తకానికి తొడిగి రేపు దాంతోపాటు మంటలో వేసేయమని చెప్పింది. లేకపోతే ముందు పోయేది తన ఉద్యోగం, ఆ వెంటనే జ్ఞానమణి ఉద్యోగం, గది. ఈ వయసులో జ్ఞానమణి సీతాఫల్‌మండిలో తన తమ్ముడి భార్య వాకిట్లో కూర్చుని గిన్నెలు తోముకోవాలి. ఇంకో మాట కూడా అంది. "చీటీలు రాసింది నేను కాదు. నీ రాత అందరికీ తెలుసు. పోలీసాయన ముందు ఎవరిని అడుగుతాడో ఆలోచించుకో."

అది నిజమేనని జ్ఞానమణికి తెలుసు. ఆ రాత్రి గోడకి అటు వదినగారి మంచం కిర్రుమనడం, ఇటు తన మంచం మీద పడుకుని వింది. అమ్మ పోయినప్పుడు, ఆయన పోయినప్పుడు ఆ గోడవతల మనిషే ఆమెను ఒళ్ళోకి తీసుకుంది. ఆ సంగతి డోరా సంగతితో కలవడం లేదు. ఒకదాన్ని ఇంకోటి చెరపడం లేదు.

గురువారం పొద్దున్నే కాయిన్ బాక్సు దగ్గరికి వెళ్ళి, తూప్రాన్‌లో ఇటుకబట్టీ పక్క కిరాణా కొట్టుకి ఫోన్ చేసింది. కొట్టువాడు పర్వతాల్ని పిలుచుకొచ్చేదాకా నిలబడింది. మాట్లాడింది తక్కువ. అవతల పర్వతాలు అన్నది ఇంకా తక్కువ.

కమిటీ పదిన్నరకి హెడ్‌మాస్టర్ గదిలో కూర్చుంది. పాస్టర్ లూకాగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. దేవానందంగారు బల్ల మీద కొట్టివేత రిజిస్టర్ తెరిచి ఉంచారు. చిరిగినవి, చెదలు పట్టినవి, పోయినవి అందులో రాసి లైబ్రేరియన్ సంతకం పెడితే ఆ పుస్తకం బడిలో లేనట్టే. పెరట్లో జంగయ్య ఎండుటాకులు కుప్ప చేసి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, పిలుపు కోసం కిటికీ వైపు చూస్తున్నాడు. ఏసురత్నం తెల్లచీర కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. మరదలి మొహంలోకి ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది.

దేవానందంగారు ముఖచిత్రం చూసి, రామ రామ అనబోయినట్టు నోరు తెరిచి, నాలుక కరుచుకుని, ఛీ అన్నారు. ఇలాంటిది నీతికథల్లోకి ఎలా వచ్చిందని అడిగారు. తానే రాశానని, అది తప్పేనని జ్ఞానమణి ఒప్పుకుంది. పాస్టరుగారు, తప్పు ఒప్పుకున్నారు కాబట్టి ఆ విషయం అంతటితో వదిలేద్దామన్నారు. దేవానందంగారు తేలికపడి, పెన్ను మూత తీసి ఆమె వైపు జరిపారు.

"అట్ట ఏదీ? నంబరు అట్ట మీదే కదా ఉంటుంది," అన్నారు.

జ్ఞానమణి చేతిసంచీలోంచి అట్ట తీసి, రాత పైకి వచ్చేలా బల్ల మీద పరిచింది. దాని పక్కన చీటీల కట్ట పెట్టింది. ఇద్దరు మగవాళ్ళూ ముందుకు వంగారు. పాస్టరుగారి పెదవులు పేరు పేరుకీ కదిలాయి. మూడో వరుస దగ్గర దేవానందంగారు తలెత్తి ఏసురత్నం వైపు చూశారు. వెంటనే లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. గొంతు తగ్గించి, ఇది మన మధ్య మాట్లాడుకోవలసిన సంగతని, మిషన్ పెద్దలకి రాద్దామని, తొందర పడొద్దని, ముందు ఆ కాగితం బీరువాలో పెడదామని అన్నారు. చెయ్యి చాచారు.

జ్ఞానమణి అట్టను తన వైపు లాక్కుని, పాత మడతల మీదే మడిచింది. పెన్నుకి మూత పెట్టి ఆయన ముందుకు జరిపింది.

"నేను సంతకం పెట్టను సార్. డోరా వాళ్ళ నాన్న పన్నెండింటి బస్సుకి దిగుతాడు. ఆయన్నీ పిల్లనీ తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. అట్ట, శనివారం చీటీలు రెండూ అక్కడ ఇస్తాను. చీటీలు రాసింది నేనేనని కూడా రాసిస్తాను."